నాలుగు వేల తప్పులు

మూడోసారి కూడా అదే జరిగింది. పేరు కొట్టాడు, పాస్‌వర్డ్ కొట్టాడు, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పేరు అడుగుతూ మొదటికే వచ్చింది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని మొహం మీదే చెప్పే యంత్రం అది. ఇప్పుడు తప్పనడం లేదు. రండి రండి అని తలుపు తీసి, గడపలో కాలు పెట్టేలోగా వేసేస్తోంది. కంప్యూటర్ మెకానిక్ కుర్చీ ముందుకు లాక్కుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అతనికి యాభై మూడేళ్ళు. పాతికేళ్ళుగా బళ్ళకీ ఆఫీసులకీ తిరిగి కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. సంచీ మోసి మోసి ఎడమ భుజం వేలెడు కిందికి దిగింది. చొక్కాలు కుట్టే అతను ఆ సంగతి కనిపెట్టి, అడక్కుండానే దానికి తగ్గట్టు కుట్టి ఇస్తాడు. మనిషికి నత్తి. మాట మొదట్లోనే అడ్డం పడుతుంది. అందుకని ఫోనులో చెప్పడానికి 'ఆపి మళ్ళీ పెట్టండి' అన్న ఒక్క వాక్యం తడబడకుండా సాధన చేసుకున్నాడు. సగం జబ్బులు దానితోనే కుదిరేవి. మిగతా సగానికి తనే వెళ్ళేవాడు. ఇంట్లో అతని వాక్యాలు భార్య సగంలోనే అందుకుని పూర్తి చేస్తుంది. ప్రేమతోనే చేస్తుంది, కాదనలేం. కానీ ఆమె పూర్తి చేసింది చాలాసార్లు అతను అనబోయింది కాదు. పోనీలే అని అదే తన మాటగా ఒప్పేసుకుని, కూరగాయలకు బదులు సబ్బులు తెచ్చిన రోజులున్నాయి.

అంధుల బడిలో మేడ మీద మూలగది అది. నాలుగు గోడలకూ మందపాటి దుప్పట్లు కొట్టి ఉంటాయి. ఆరేళ్ళుగా ఇక్కడ ఒకావిడ పిల్లల పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తోంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. బడిలో అందరికీ చదువులక్క.

ఆవిడ ఇప్పుడు అతని వెనకే నిలబడి ఉంది. మెడ చుట్టూ పలచని శాలువా. గొంతులో గడ్డ. రేపు పొద్దున ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు. ఈ సాయంత్రం నాలుగింటికల్లా ఆసుపత్రిలో చేరాలి. సైన్సు పుస్తకంలో ఆఖరి పాఠం మిగిలిపోయింది, పిల్లలకు పది రోజుల్లో పరీక్ష. ఆ ఒక్కటీ మరెవరైనా చదువుతారు కదా అని హెడ్‌మాస్టరు అన్నాడు. "పదమూడు పాఠాలు నేను చదివి, పద్నాలుగోది ఇంకో గొంతు చదివితే, ఎక్కడికి పోయావని పిల్లలు నన్నే అడుగుతారండీ. అప్పుడు జవాబు చెప్పడానికి నాకు నోరుండదు" అంది ఆవిడ.

"ఎంతసేపు పడుతుంది తమ్ముడూ?" గొంతు ఇసకలో గీసినట్టుంది.

"చూ... చూసి చెబుతా అక్కా."

అతని వాక్యం ఎంతసేపు పట్టినా ఆవిడ ఆగేది. మధ్యలో అందుకునేది కాదు. ఇన్నేళ్ళలో అలాంటి మనుషులు అతనికి ముగ్గురో నలుగురో తగిలారు, అంతే.

మూడు మీటలు కలిపి నొక్కాడు. రంగులూ బొమ్మలూ పోయి నల్లటి తెర వచ్చింది. లైనక్స్ యంత్రాలకు ఇది పెరటి గుమ్మం. వీధి తలుపు బిగుసుకుంటే ఇటునుంచి వెళ్ళొచ్చు. ఇక్కడ అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. అతనికి ఇక్కడే హాయి, వేళ్ళకు నత్తి లేదు కాబట్టి.

డిస్కులో ఖాళీ ఎంతుందని అడిగాడు. సున్నా అంది. లోపలికి వచ్చేవాళ్ళ పేరు రాసుకోవడానికి కూడా చోటు లేక, వచ్చినవాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపేస్తోంది. ఒక్కొక్క ఫోల్డరూ తూకం వేసుకుంటూ పోతే బరువంతా చెత్తబుట్టలో తేలింది. నాలుగు వేల పైచిలుకు ఫైళ్ళు.

అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట, కొత్తలో, ఆవిడ పొరపాటున ఒక మంచి పాఠాన్ని పూర్తిగా చెరిపేసి ఏడ్చినంత పని చేసింది. "ఏదీ చెరపొద్దు, తప్పు పోయినవి బుట్టలో పడేయండి, అక్కడుంటే ఏదీ పోదు" అని తనే చెప్పాడు. బుట్టను అప్పుడప్పుడు ఖాళీ చేయాలని కూడా చెప్పబోయాడు. ఆ మాట గొంతులో అడ్డం పడింది. అప్పటికి ఆవిడ ఆగే మనిషని తెలియదు. ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాడు. ఆ ఇంకోసారి ఇవాళ వచ్చింది.

"త... తప్పు నాదే అక్కా" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. చాలాసేపు పట్టింది. ఆవిడ గడియారం వైపు చూడలేదు.

"ఆరేళ్ళు చెత్త పారబోయకుండా కాపురం చేశానన్నమాట" అని నవ్వబోయి దగ్గింది. "ఇంట్లో అయితే మా అమ్మాయి నన్ను గెంటేసేది. పారబోసెయ్."

అక్కరలేని పాత సామాను కొంత తీసేసేసరికి వీధి తలుపు తెరుచుకుంది. పాఠానికి మాత్రం ఆ చోటు చాలదు, బుట్ట ఖాళీ చేయాల్సిందే. తెరిచి చూడకుండా ఏదీ చెరపడు అతను. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక ఫైలు విన్నాడు.

"మొక్కలు సూర్యరశ్మిని..." ఆరేళ్ళ కిందటి నిండు గొంతు. మధ్యలో కాకి. "ఏం, నువ్వు చదువుతావా? రా, కూర్చో. నేను పోయి టీ తాగొస్తా" అని దానితో అని, పకపకా నవ్వింది. ఇంకో ఫైల్లో తుమ్మి, తనను తనే తిట్టుకుంది. మూడోదాంట్లో ఫోను మోగింది. "వచ్చేస్తున్నానే తల్లీ. ఆకలేస్తే నా కోసం చూడకు, తినెయ్."

పాఠాల్లో ఆవిడ చదువుతుంది. ఇక్కడ మాట్లాడుతోంది. రేపటి తరవాత ఆవిడ మాట ఉండేది ఈ బుట్టలోనే. అతను హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఇ... ఇవి ఉంచుకోరా?"

"తప్పులు మూటగట్టుకుని ఎక్కడికి పోతాను తమ్ముడూ. పన్నెండవుతోంది. తీసెయ్."

మొత్తం వేరేచోట ఎక్కించాలంటే ఆ పాత యంత్రానికి రాత్రిదాకా పడుతుంది. "ఇ... ఇరవై నిమిషాలు" అన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. పదేళ్ళుగా కూడబెట్టుకున్న పనిముట్లు అందులో ఉన్నాయి. వాటిని మాత్రం తెరిచి చూడకుండానే చెరిపేశాడు. ఇరవై నిమిషాల్లో నూట అరవై ఫైళ్ళు ఎక్కాయి. ఏవి దక్కాయో ఏవి పోయాయో ఎంచే వ్యవధి లేదు. బుట్ట ఖాళీ చేయమన్నాడు. నిజంగానేనా అని అడిగింది యంత్రం. అవునన్నాడు.

ఆవిడ ఫ్యాను ఆపి, కిటికీ మూసింది. సొరుగులోంచి అట్టముక్క తీసి తలుపు బయట గొళ్ళేనికి తగిలించి, అతన్ని వరండాలోకి పంపి తలుపేసుకుంది. అతనికి ఇంకో రెండు చోట్ల పనుంది. ఫోన్లు చేసి రేపన్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు. లోపలి నుంచి ఏమీ వినిపించడం లేదు. మూడింటికి ఆవిడ కూతురు బట్టల సంచీతో వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ తలుపునే చూస్తూ ఉండిపోయారు.

మూడున్నరకు తలుపు తెరుచుకుంది. చదువులక్క మొహం పీక్కుపోయింది. ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. "అయిపోయిందా అమ్మా?" అనబోయిన కూతురిని అతను చెయ్యెత్తి ఆపాడు. ముగ్గురూ నిలబడ్డారు. చాలాసేపటికి ఆవిడే అంది, ఉత్త గాలితో.

"అయిపోయింది తమ్ముడూ."

అతను కూతురి చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"ఏముందండీ ఇందులో?"

"త... తప్పులమ్మా. అమ్మగారివి. జా... జాగ్రత్తగా ఉంచుకోండి."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అయినా గుప్పెట్లో బిగించి పట్టుకుంది. తల్లీకూతుళ్ళు మెట్లు దిగారు. ఆవిడ వెనక్కి తిరగలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి, మెట్లు చూసుకుని దిగాలి.

అతను లోపలికి వెళ్ళి ఆఖరి పాఠం చివరిదాకా పడిందో లేదో విన్నాడు. పడింది. బుట్ట తెరిచి చూశాడు. అందులో ఒక్క ఫైలు కూడా లేదు. మళ్ళీ చదివేంత గొంతు లేదని ఒక్క తప్పూ పోకుండా చదివింది ఆవిడ. అక్కడ కుర్చీలో కూర్చుని అతను ఏడ్చాడు. తరవాత యంత్రం ఆపి, సంచీ సర్దుకుని, బయటికొచ్చి తలుపు వేశాడు.

గొళ్ళేనికి అట్టముక్క అలాగే వేలాడుతోంది. "చదువుతున్నాను. కాసేపు మాట్లాడకండి" అని ఆవిడ గుండ్రటి చేతిరాత. దాని కింద పిల్లల కోసం అదే మాట ఉబ్బెత్తు చుక్కల్లో పొడిచి ఉంది. వచ్చేపోయే వేళ్ళు తగిలి తగిలి ఆ చుక్కలు సగానికి సగం చదునైపోయాయి.