ఏడో పెట్టె

“మోషే! లారీ కదలనియ్యకు! ఏడో పెట్టెల పురుగుంది!”

సూరారం గల్లీ చివర నుంచి ఎలీషమ్మ కేక అది. ఎవరూ వింతగా తల తిప్పి చూడలేదు. చెక్కలో పురుగు నమిలితే ఆమెకు వినబడుతుంది, ఆమె పిలిస్తే పురుగు బయటికొస్తుంది. గల్లీలో మంచం కొన్నా, దర్వాజ కొన్నా ముందు ఆమెకే చూపిస్తారు.

పెట్టెల షెడ్డులో ఆమె కొడుకు మోషే ముద్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ ఖాళీ పెట్టెలు మేడ్చల్ ఫ్యాక్టరీలో మోటార్లు నింపుకుని ఓడెక్కుతాయి. ఓడెక్కే చెక్కను భట్టీలో పెట్టి, నడిమి దాకా వేడెక్కించి, పురుగన్నది లేకుండా చేయాలి. అప్పుడే ముద్ర. అందులో ఉన్నది మోషే నంబరు. పరాయి రేవులో పురుగు దొరికితే పట్టుకునేది అతన్నే.

కొత్త మేనేజరు ఫణిభూషణ్‌కి ఇదంతా చాదస్తం. పైన ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన. బుర్రలో మాత్రం రంపపు పొట్టు. పొద్దున ఈ మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? చెక్క నడుమ గుచ్చాల్సిన వేడి కొలిచే సూదిని తీసుకెళ్లి చాయ్ కెటిల్లో ముంచాడు. కాగితం మీద వేడి బ్రహ్మాండంగా పడింది. భట్టీలో పిల్లి పడుకుంది.

“మీ అవ్వ అరిస్తే లారీ ఆపుతమా? ముద్ర కొట్టు. లేకుంటే రేపటి సంది రాకు,” అన్నాడు.

మోషే ముద్ర జేబులో వేసుకున్నాడు. “చాయ్ తాగింది సూది సార్, చెక్క గాదు.”

లారీ డ్రైవరు లింగస్వామి కిసుక్కున నవ్వాడు. అంతలో ఎలీషమ్మ కొంగు దోపుకుంటూ వచ్చింది. ఫణిభూషణ్‌ని ఎంగిలి విస్తరిని చూసినట్టు చూసి, ఏడో పెట్టెకు నోరు ఆనించింది.

“బయటికి రాండ్రి బిడ్డ. గీ చెక్కల ఏముంది? లోపలి గదిల టేకుంది.”

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం వచ్చినట్టు పురుగులు ఒకదాని వెనక ఒకటి దిగి, నేరుగా ఆఫీసు గదిలోకి నడిచాయి. అక్కడున్నది మేనేజరు ఇంటి నుంచి తెచ్చుకున్న టేకు కుర్చీ. పనివాళ్లతో నేల మీద కూర్చుని తినడం ఆయనకు నామోషీ మరి.

కళ్లారా పురుగులను చూసినంక సరుకు ముట్టనని లింగస్వామి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఇగ దారిలేక ఫణిభూషణే పిల్లిని లేపి, పెట్టెలు లోపల పెట్టించి భట్టీ ముట్టించాడు. ఈసారి సూది చెక్కలోనే దిగింది. చాలినంత వేడెక్కి, అరగంట నిలిచాక మోషే ముద్రలు కొట్టాడు.

లారీ కదిలితేనే ఆ షెడ్డులో అన్నం డబ్బాలు తెరుస్తారు, అది ఆనవాయితీ. లారీ కదిలింది, అందరూ గోనెపట్టాల మీద చేరారు. ఫణిభూషణ్ తన డబ్బా పట్టుకుని గదిలోకి పోయి కూర్చోబోయాడు. కుర్చీ జొన్నపిండిలా రాలిపోయింది.

చొక్కా దులుపుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు. మోషే కొంచెం పక్కకు జరిగాడు.

“కూసో,” అంది ఎలీషమ్మ, పచ్చడి గిన్నె అతని వైపు నెడుతూ. “అన్నం సల్లారుతాంది.”

అతను కూర్చున్నాక అందరూ తినడం మొదలుపెట్టారు.