ఇరవై ఒకటా, ఇరవై ఎనిమిదా

మా ఆయన సామ్యేల్ ముప్పైరెండేళ్లు బొగ్గుబాయికి పోయాడు. లోపల ఎలా ఉంటుందని ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "మంచిగనే ఉంటది. మన క్వార్టర్ కంటే ఇశాలం." అంతటితో ముసుగు తన్ని పడుకునేవాడు. ఆడవాళ్లు కిందికి దిగకూడదని చట్టం. చట్టాన్ని తిట్టలేక మా ఆయన్ని తిట్టేదాన్ని. ఈ సుసన్నాకు ముక్కు మీదే కోపమని గోదావరిఖనిలో నా ఫోటో స్టూడియోకు వచ్చే పెళ్లికొడుకులందరికీ తెలుసు.

2007లో ఆ బాయిని మూసేసి ఓపెన్‌కాస్టు చేస్తారన్నారు. పైనుంచి మట్టంతా తవ్వేస్తే లోపలి దారులు ఇంకెక్కడుంటాయి? పది రోజులే గడువు. నా మొగుడి సగం బతుకు గడిచిన చోటు నా కంట పడకుండానే పోతుందంటే నాకు అన్నం సహించలేదు.

"ఫోటో తీసుకరా" అన్నాను.

"బ్యాటరీ ఉన్నదేదీ కిందికి రానియ్యరు. గ్యాస్ ఉంటది. ఎరుకలేదా?"

ఎరుకే. అందుకే మా నాన్న శాంతిరాజ్ వాడిన పాత కెమెరా బీరువాలోంచి తీశాను. దానికి బ్యాటరీ లేదు. కీ ఇచ్చే గడియారంలా స్ప్రింగుల మీద నడుస్తుంది. చిన్న కిటికీలోంచి చూస్తే బొమ్మ రెండుగా కనబడుతుంది. రింగు తిప్పి రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. సేఫ్టీ ఆఫీసర్ లింగమూర్తి సారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మూత తీయించి చూసి, చివరికి కాగితం మీద రాసిచ్చారు. ఒక కెమెరా, ఒక లెన్సు. ఫ్లాష్ వద్దు. కింద విప్పవద్దు. బొగ్గుపొడి పోతే కెమెరా పని అయిపోతుంది కాబట్టి నేనూ ఎదురు చెప్పలేదు.

చిక్కంతా ఆ ఒక్క లెన్సు దగ్గరే. నా దగ్గర వైడు లెన్సులు రెండున్నాయి. ఇరవై ఎనిమిది నంబరుది వెలుతురును బాగా పట్టుకుంటుంది, మసక చీకట్లోనూ మొహాలు పడతాయి. ఇరవై ఒకటి ఇంకా వెడల్పు. గది మూలన నిలబడితే గదంతా పడుతుంది. కానీ దానికి వెలుతురు చాలదు, పది లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదు.

"ఇరవై ఎనిమిది పెట్టు. మా గ్యాంగోళ్ల మొఖాలు కావాలె" అన్నాడు సామ్యేల్.

"మొఖాలు ఎప్పుడన్న తీస్త. నాకు జాగ కావాలె. నిజం చెప్పయ్యా, గోడకు గోడ ఎంత? ఎత్తెంత? ఇశాలంగుంటే ఇరవై ఎనిమిదే చాలు, ఎనుకకు జరిగి తియ్యొచ్చు. నువ్వు తప్పు చెప్తే ఫోటో పాడైతది."

ఆయన లేచి దండెం తాడు విప్పాడు. కిటికీ ఊచకు ఒక కొస, తలుపు గొళ్లేనికి ఒక కొస కట్టాడు. నా భుజాల కంటే కొంచెం కిందికొచ్చింది.

"గింతే ఎత్తు. ఆఖర్న దారులు కలిసే జంక్షన్ కాడనే నిలబడొచ్చు. తాడు తగలకుంట నడువు."

వంగి నడిచాను. ముందు గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి ముందు గదికి నాలుగు సార్లు. ఐదోసారి నడుము పట్టేసి నేల మీద కూర్చుండిపోయాను.

"ఎన్నాళ్లు గిట్ల?"

"ఈ జాగల ఆరేండ్లయితుంది."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే పోనిస్తువా?"

నడుము పట్టుకుని లేచాను. ఇరవై ఒకటి బిగించాను. అంత ఇరుకులో వెనక్కి జరగడానికి చోటేది? దూరం ఎనిమిది అడుగుల దగ్గర పెట్టి రింగు కదలకుండా టేపు అంటించాను. కెమెరాను జంక్షన్ అంచున దుంగ మీద కొంచెం పైకి వాల్చి పెట్టమని, బటన్ నొక్కి పది లెక్కపెట్టమని, అందరి టోపీ లైట్లూ ఒకేసారి ముందుకూ పైకీ కొట్టమని చెప్పాను.

మరునాడు మొదటి షిఫ్టు దిగి తెచ్చాడు. ముప్పైఆరింటిలో ఒక్కటే నిలబడింది. డార్క్‌రూమ్ ఎర్రలైటు కింద కాగితం మీద బొమ్మ తేలుతుంటే ఇద్దరం ట్రే మీదికి వంగాం. మొహాలన్నీ కదిలిపోయాయి. ఆయన జతగాడు కొమురెల్లి మొహమైతే చేత్తో తుడిచేసినట్టే ఉంది. ఇక నాకు మూడిందనుకున్నాను.

ఆయన మొహాలు చూడటం లేదు. ఆయన వేలు ఫోటో పైభాగం మీద ఆగింది.

ముందు వైపు ఇరుకైన దారి. అది తెరుచుకునే చోటే జంక్షన్. అక్కడ ఎప్పుడో పైకప్పు కూలి, రాతి లోపలికి పెద్ద డొల్ల పడింది. గ్యాంగులో ఎనమండుగురి లైట్లూ ఒక్కసారి పడేసరికి అదంతా బయటపడింది. పొర మీద పొర, నలుపు మీద బూడిద రంగు, తాటిచెట్టంత ఎత్తుకు. దగ్గరి అంచు మీద భూతద్దం పెట్టి చూశాను. అరచేయంత ఆకుల అచ్చులు, ఈనెలతో సహా. ఎన్ని కోట్ల ఏళ్ల కిందట రాలినవో!

"గింతున్నదా?" అన్నాడు సామ్యేల్. "కూలిన జాగని ఎరుకే. ఒక్క లైటుకు గింత చుక్కనే కనబడ్తది. రోజూ దాని కిందికెల్లే పోతం, సుసన్నా."

ఆయన ట్రే వదిలి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పైరెండేళ్లలో ఆయన్ని నేనలా చూడలేదు. భయం లేని మనిషికి నా చేతులారా భయం పెట్టానని ఏడుపొచ్చింది.

"రేపటి నుంచి పోకు. ఇంక ఆరు షిఫ్టులే గద."

ఆయన వినలేదు. పొద్దున ఆరిన ఫోటోను అన్నం డబ్బాతో పాటు సంచిలో పెట్టుకుని పోయాడు. ఆ రోజు స్టూడియో తెరిచాను గానీ ఎవరి తల ఎక్కడ పడిందో నాకే తెలియదు. మధ్యాహ్నం మూడున్నరకు సామ్యేల్ వచ్చి స్టూడియో మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఫోటో అందరికి చూపెట్టిన. జంక్షన్ కాడ ఆగి ఎనమండుగురం లైట్లు పైకి కొట్టినం. కొమురెల్లి చేతులెత్తి మొక్కిండు."

"మరి నువ్వు?"

నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఎన్నడు దిగనిదానివి. నేను రోజు పోయే బాయిని నాకు నువ్వు చూపిస్తివని మా వాళ్లకు చెప్పిన."