పడ్డ మాట కూడా రాయి

ఆ ఉదయం ఆకాశం బూడిద రంగులో కొండల మీదికి దిగి, మంచు కురిపించాలో వద్దో తేల్చుకోక అలాగే ఉండిపోయింది. ఎల్విన్ తోటలో మేపుల్ చెట్లకు తగిలించిన బకెట్లలోకి, పాకం కాచుకునే తీపి రసం చుక్కచుక్కగా దిగుతోంది. లోర్నా కారు దిగి తలుపు తట్టింది.

ఒకప్పుడు ఇద్దరూ జంటగా మంచు మీద స్కేటింగ్ చేసినవాళ్ళు. దేశపోటీల్లో ఇద్దరూ కిందపడ్డాక ఎల్విన్ ఆట మానేసి ఈ తోటకు వచ్చేశాడు. నలభై మూడేళ్ళయింది. క్రిస్మస్ కార్డులే తప్ప మాటల్లేవు.

"బూట్లు దులుపుకుని రా. నేల ఇప్పుడే తుడిచాను," అన్నాడు ఎల్విన్ తలుపు తీసి.

"ఇన్నేళ్ళకి కనిపిస్తే ఇదా మర్యాద?"

"లోపలికి మంచు మోసుకొస్తావని అప్పుడూ తిట్టేవాణ్ణిగా."

లోర్నా బల్ల మీద కాగితం పరిచింది. మేటి ఆటగాళ్ళ పేర్లు నిలిపే స్కేటింగ్ కీర్తిమందిరానికి పంపే దరఖాస్తు. ఎంపిక సంఘంలో ఇరవై నలుగురు. నాలుగింట మూడు వంతుల మంది ఔననాలి. జంటను ఒకే పేరుగా ఎంచుతారు. ఇద్దరి సంతకాలూ లేకపోతే చదవనే చదవరు. ఎంచితే మాత్రం ఆ ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని జనం ముందు మంచు మీద నాలుగడుగులు వెయ్యాలి. లోర్నాకు కావలసింది ఆ నాలుగడుగులే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఎల్విన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆఖరి వరకూ చదివాడు.

"గెలిచినవన్నీ రాశావు. పడ్డ మాటేది?"

"గుర్రం అమ్మేవాడు కుంటిదని చెప్పుకుంటాడా? అయినా ఆ తప్పు నాదే. చెయ్యి ముందు వదిలింది నేనే."

"కాదు." ఎల్విన్ కళ్ళద్దాలు తీశాడు. "మార్కులు చెప్పేలోగా నీ తలపిన్ను తెస్తానని మళ్ళీ మంచు మీదికి వెళ్ళాను, గుర్తుందా? పిన్ను కోసం కాదు. గీతలు చూద్దామని."

స్కేటు బూటు కింది బ్లేడుకు రెండంచులు. ఒక అంచు మీద ఒరిగితే మంచు మీద ఒక్క గీతే పడుతుంది. ఒరగకుండా నిలిస్తే రెండు పడతాయి. చిన్నప్పుడు గురువు ఇద్దరిచేతా మంచు మీద మోకాళ్ళూనించి, రోజూ ఆ గీతలు చదివించేవాడు. మనిషి బుకాయించినా గీత బుకాయించదు.

"నీది ఒక్కటే గీత. నావి రెండు. నిన్ను ఎత్తేటప్పుడు ఒరగాల్సిన చోట ఒరగనిది నేనే. అందుకే పడ్డాం."

లోర్నా తలెత్తి అతన్ని చూసింది.

"ఇన్నాళ్ళూ నేనేనని..."

"తెలుసు. నిజం చెప్పలేకే పారిపోయొచ్చాను."

"పిరికి వెధవా!"

"ఔను." కాగితం ఆమె వైపు జరిపాడు. "పడింది నావల్లేనని రాయి. అప్పుడు సంతకం పెడతా."

"అది రాస్తే మనల్ని ఎవరూ ఎంచరు, ఎల్విన్."

"ఎంచకపోనీ."

లోర్నా కలం పట్టుకుంది. దీపాలూ, జనమూ, తన చేతిలో అతని చెయ్యీ కళ్ళ ముందు ఆడాయి. కాసేపు వాటినే చూసింది. తర్వాత అతను చెప్పినట్టే రాసింది. ఎల్విన్ బడిపిల్లాడిలా పెద్దపెద్ద అక్షరాలతో ఆమె పేరు కింద సంతకం చేశాడు.

లేచి, పొయ్యి మీంచి చిక్కుడు గింజల కుండ దించి, రొట్టె కోసి రెండు కంచాల్లో పెట్టాడు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ తిన్నారు. లోర్నా రెండోసారి వడ్డించుకుంది.