గాలి ఉంది, మోసేవాళ్ళు లేరు

ఆస్పత్రిలో అందరికీ ఆయన బావే. పెద్ద డాక్టరు కూడా "సిలిండర్ బావ వచ్చాడా?" అనే అడుగుతాడు. ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ వార్డులోకొస్తే ముందు జోకొస్తుంది, దాని వెనకాల గాలొస్తుంది. "నేను తెచ్చేదీ గాలే, నా మాటలూ గాలే" అని తన మీద తనే వేసుకుంటాడు. గాలందక పోయినవాడు మాత్రం నా చేతిలో ఒక్కడూ లేడని కాస్త గొప్పలు కూడా పోతాడు.

ఇంతమంది ఉత్తుత్తి బామ్మర్దులున్నా అసలు బామ్మర్ది ఒక్కడే, భార్యకి తమ్ముడు. అమ్మానాన్నా పోయాక అక్కే పెంచింది. వీధికుక్కల షెల్టర్లో కుక్కలకి స్నానాలు చేయించే పని. ముప్పై నాలుగొచ్చినా పెళ్ళి కాలేదు.

నెల కిందట ఓ మధ్యాహ్నం వాడొచ్చి చొక్కా ఎత్తాడు.

"బావా, వీపు మీద ఏదో దురదగా ఉంది, చూడు."

బావ కళ్ళజోడు వెతుక్కునే రకం కాదు. భుజం కింద నువ్వుగింజంత నల్లగా ఉంది.

"పుట్టుమచ్చరా! కొత్తగా పుట్టిందంటే పెళ్ళియోగమే. పిల్ల నడిచొచ్చేస్తోంది, పోయి మొహం కడుక్కో."

"ముప్పై నాలుగేళ్ళకి పుట్టుమచ్చేంటి బావా?"

"నీకన్నీ ఆలస్యమే కదరా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. రోజూ కుక్కల చెవుల్లోంచి రక్తం తాగే పిడుదుల్ని ఏరి పారేసేవాడే వాడు. కానీ ఎవడి వీపు వాడికి కనపడదుగా. నాలుగు రోజులకి మచ్చ ఊడిపోయింది, ఇద్దరూ మర్చిపోయారు.

రెండు వారాలు తిరక్కుండానే చలిజ్వరం. మాత్రలు మింగి పనికి పోయాడు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది, నాలుగడుగులేస్తే ఆయాసం. తీసుకొచ్చి వార్డులో పడుకోబెట్టారు.

బావ స్టోరంతా వెతికి మంచి సిలిండరు తెచ్చాడు. మాస్కు తగిలించాడు. నీళ్ళ సీసా బుడబుడలాడింది. వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ నూటికి తొంభై ఎనిమిది చూపించింది.

"చూశావా! బళ్ళో కూడా నీకిన్ని మార్కులు రాలేదు."

"రాలేదు బావా. మరి ఊపిరెందుకు ఆడట్లేదు?"

బావ మర తిప్పాడు. పది లీటర్లు. పదిహేను. అంకె తొంభై తొమ్మిదైంది. వాడి డొక్కలు మాత్రం కొలిమితిత్తిలా ఎగిరిపడుతూనే ఉన్నాయి.

"ఇంక తిప్పకండి," అంది డాక్టరమ్మ వెనకనుంచి. "గాలి లోపలికెళ్తోంది. దాన్ని ఒళ్ళంతా మోసేది రక్తం. ఆ రక్తకణాలే పగిలిపోతున్నాయి. మిగిలిన కాసినీ నిండుగా మోస్తున్నాయి కాబట్టి అంకె బాగుంది. కానీ అవి చాలవు."

బావకి అర్థమైంది. స్టోరు నిండా సిలిండర్లుండి, తోసుకెళ్ళే మనుషులు లేకపోతే ఏం లాభం?

"మలేరియా కాదు. కుక్కల దగ్గర పని కదా, ఈమధ్య పిడుదు గానీ పట్టిందా?" అనడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా, పడితే నాకు చెప్పేవాడే," అంది అక్క.

బావ నోరు తెరిచాడు. జోకు రాలేదు.

"పట్టింది. నేను చూశాను. పుట్టుమచ్చన్నాను."

అక్క మొగుడివైపు తిరిగింది. తిట్టలేదు.

"నన్నడిగితే కంగారు పడతానని మిమ్మల్నడిగాడు," అంది. "పడేదాన్నే."

గంటలో రక్తంచుక్క గాజుపలక మీద పెట్టి చూశారు. కణాల నిండా పిడుదు కాటుతో ఎక్కిన, కంటికి కనపడని పురుగులే. మందు మొదలెట్టారు, రక్తమెక్కించారు. ఎక్కించిందాన్నీ అవి తినేశాయి. బావ కూడా పడుకుని రక్తమిచ్చాడు. "ఇంక నీకూ నా వెటకారం వచ్చేస్తుందిరా" అందామనుకుని, మంచం దాకా వెళ్ళి, దుప్పటి సర్ది వచ్చేశాడు.

మూడో రోజు పొద్దున వాడే మాస్కు కాస్త పక్కకి లాగాడు.

"బావా... ఏదో ఒకటి అనవా."

బావ వెతికాడు. మొత్తం వార్డుని నవ్వించిన నోరది, ఒక్క ముక్క దొరకలేదు. వాడు నవ్వడానికి సిద్ధంగా మొహం పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. బావ వాడి చెయ్యి రుద్దుతూ కూర్చున్నాడు. చల్లగా ఉంది.

పదకొండింటికి డొక్కలు ఎగరడం ఆగింది.

నర్సు మాస్కు తీసి పక్కన పెట్టింది. సిలిండరు ముల్లు సగం కూడా దిగలేదు. ఖాళీ మాస్కులోంచి గాలి సుయ్‌మంటూనే ఉంది.

"బావగారూ, కట్టేయండి."

"ఉండనివ్వమ్మా, కాసేపు."

అక్క తమ్ముడి జుట్టు సర్దుతూ, తలెత్తకుండా అంది:

"కట్టేయండి. వాడికి గాలి ఎప్పుడు తక్కువైంది కనక?"

కట్టేశాడు.