కింది అంతస్తులో అల్లుడు

మా అమ్మాయిని వదిలేసిన అల్లుడు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలియదనీ, అందుకే మనవరాలికి కోర్టు ఇమ్మన్న భరణం రాబట్టలేకపోతున్నామనీ సర్కారు ఆఫీసు పై అంతస్తులో భరణాలు వసూలు చేసే గుమస్తా అమ్మాయి చెప్పింది.

“ఇదే ఆఫీసు కింది అంతస్తులో పనిచేస్తున్నాడు తల్లీ. ఇప్పుడే చూశాను.”

“మీరు చూస్తే చాలదు పెద్దమ్మా. జీతాల విభాగం రాసివ్వాలి. వాళ్లు ఉద్యోగుల వివరాలు ఎవరికీ ఇవ్వరు.”

“చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది. మీదీ ఆ జీతాలవాళ్లదీ ఒకే సర్కారు కదా?”

ఈలోగా వాడికి బదిలీ అయితే పిల్ల గతేమిటి? ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిచాను. తనూ విడిపించుకోలేదు.

కింద అల్లుడి ఉద్యోగం సంగతి రాసివ్వమంటే జీతాల ఆయన, “ఇలా అడగడం పద్ధతి కాదమ్మా,” అన్నాడు.

“పిల్ల తిండి ఎగ్గొట్టినవాణ్ణి దాచడం పద్ధతా?” అంది గుమస్తా. “రాసివ్వండి. లేదా ఇవ్వనని రాసివ్వండి, కోర్టుకి అదే పంపుతాను.”

ఆయన కలం తీశాడు. అల్లుడి పేరు రాసేదాకా మేమిద్దరం గుమ్మంలోంచి కదల్లేదు.