రాసినవాళ్ళ మనసు

రాజ్యాంగానికి అర్థం ఒక్కటే, అది రాసినవాళ్ళ మనసులో ఉన్నదే, ఆ పైన మనం అంటించేదంతా కల్పన అని నాగదుర్గ రాజమండ్రి లా కాలేజీలో పదేళ్ళుగా చెబుతోంది. పక్క క్లాసులో జానకిరామ్ మాస్టారు, రాసినవాళ్ళు పోయారు, ఇక మాట బతికున్నవాళ్ళది అని అంతే గట్టిగా చెబుతాడు. సెమినార్లలో వీళ్ళిద్దరూ తలపడితే పిల్లలు టీ మానేసి కూర్చునేవారు. "పోయినవాళ్ళ నోట్లో మీ మాటలు కుక్కకండి మాస్టారూ" అని ఆవిడ వెక్కిరిస్తే హాలు గొల్లుమనేది. గెలిచి గెలిచి ఆవిడ ఓటమి రుచే మరిచిపోయింది.

ఆ వాదన ఇప్పుడు పుట్టింటి గుమ్మంలోకే వచ్చి పడింది. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆ ఊరి జాలరులు వంతుల ప్రకారం వలలు కడతారు. నాన్న పోయి ఏడాది తిరగలేదు, మగదిక్కు లేని ఇంటికి వంతేంటని కొందరు లేచారు. కూతురి సంపాదన ముట్టనని పంతం పట్టిన తల్లి నూకరత్నానికి ఆ వంతే బతుకు.

గంగమ్మ గుడి ముందు రాతి మీద కట్టుబాటు చెక్కి ఉంది: "వల ఉన్న ఇంటికి వంతు." తొంభైయ్యారు తుఫాను తర్వాత ఐదుగురు పెద్దలు పెట్టిన మాట అది. నూకరత్నానికి వల ఉంది, కట్టే కూలీలూ ఉన్నారు. ఆ ఒక్క ముక్క చదివి ఊరుకుంటే సరిపోయేది. తోడు వచ్చిన జానకిరామ్ దారంతా అదే చెప్పాడు. కానీ పాఠం చెప్పకపోతే లెక్చరర్లకి అన్నం సహించదు కదా!

"ఇల్లు అన్నారు గానీ మగాడు అన్లేదండి. ఎందుకనుకున్నారు? ఆ తుఫానుకి మన ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు ఒంటరివాళ్ళయ్యారో తెలీదా? వాళ్ళ కోసమే ఆ మాట పెట్టారు. పెట్టినవాళ్ళలో బుల్లియ్య తాత ఇంకా ఉన్నారుగా, ఆయన్నే అడుగుదాం. ఆయన మనసులో ఏముంటే అదే తీర్పు," అంది గుడి ముందు చేరిన ఊరివాళ్ళతో.

ఊరిపెద్ద వీరబాబు సరేనని, ఆ తీర్పుకి కట్టుబడతామని అందరిచేతా కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించాడు. ముందుగా ఆర్పింది నాగదుర్గే. గంగమ్మ ముందు కర్పూరం ఆర్పి మాట తప్పినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

బుల్లియ్యని మంచంతో సహా మోసుకొచ్చారు. ముసలాయన ఆ రాయి వంక చూశాడు.

"అబద్ధం ఆడలేనే దుర్గా, గంగమ్మ చూస్తంది. తుఫానుకి మనుషులతోపాటు వలలూ పోయాయి. మొగుళ్ళు పోయినోళ్ళ ఇళ్ళల్లో ఒక్క వల మిగల్లేదు. వంతులు ఎక్కువ, చేపలు తక్కువ. మొహం మీద పొమ్మనలేక 'వల ఉన్న ఇంటికి' అన్నాం. మగాడు లేని ఇల్లు వంతులోంచి పోవాలనే పెట్టాం. మా అక్క అప్పాయమ్మ ఇల్లూ అలాగే పోయింది."

నాగదుర్గ చిన్నప్పటి నుంచీ ఆ రాతిని చూసి మా ఊరి పెద్దలు ఎంత మంచివాళ్ళో అని పొంగిపోయిన మనిషి. తాను తీసిన గోతిలో తాను పడ్డా బాగుండేది, అమ్మని తోసింది.

"రాతి మీద మాట చాలండి, అమ్మగారికి వల ఉంది, లేవండి," అని జానకిరామ్ ఆవిడ చెవిలో అన్నాడు. లేచింది. పదేళ్ళు తాను వెక్కిరించిన మాటే అంది.

"రాసినవాళ్ళది కాదు బాబాయ్, మాట బతికున్నవాళ్ళది."

వీరబాబు తల దించుకుని నెమ్మదిగా అన్నాడు. "నిజమేనమ్మా. కానీ తాత బతికే ఉన్నాడు కదా."

ఎవరూ నవ్వలేదు. నూకరత్నం లేచి, మర్నాటి వంతుకని గుడి అరుగు మీద ఆరేసిన వలని మడతపెట్టసాగింది. సాయం పట్టబోయిన కూతురి చేతిని పక్కకి నెట్టేసింది.

"ముందు కర్పూరం ఆర్పింది నువ్వే కదే," అంది.