పెద్ద వాల్వులు

"ఓవెన్లోంచి ఆ రొట్టె తీసెయ్ వీదా, హెడ్డు వేడెక్కించాలి," అన్నాడు భర్త తిహోమిర్.

రొట్టె సగమే కాలింది. విదోసావా దాన్ని బయటికి తీసి, పాత ఫీచా కారు ఇంజను మీద మూతలా ఉండే సిలిండర్ హెడ్డు పెట్టడానికి చోటిచ్చింది. ఫ్రిజ్‌లో మాంసం పక్కన కొత్త వాల్వు గైడ్లు చల్లబడుతున్నాయి. హెడ్డు వేడెక్కి వ్యాకోచిస్తే ఆ చల్లటి గొట్టాలు సులువుగా దిగుతాయి. ఇంజనుకు బలం పెరగాలని ఈసారి పెద్ద వాల్వులు తెప్పించాడు.

"మగాడి సరదా, సర్దుకుపో అమ్మాయ్," అంది అత్తగారు స్తనోయ్కా, సగం కాలిన రొట్టెను వేలితో నొక్కి చూస్తూ.

ఆ కారు విదోసావా తండ్రిది. ద్రాక్షతోటల దారిలో దాని స్టీరింగ్ ఆమె చేతికిచ్చి, పక్కన కూర్చుని నవ్వేవాడాయన. పెళ్ళినాడు తాళాలు మాత్రం అల్లుడి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా తిహోమిర్‌ది ఒకటే మాట: "నిష్ సిటీ ట్రాఫిక్‌లో నువ్వా? తల్లీ, బతకనియ్."

లేత్ పనివాడు హెడ్డులో వాల్వులు ఆనే సీట్లు కోసి ఇచ్చాక, వాల్వులను వాటిలో అరగదీసే పని ఆమెకే వచ్చింది. "పిండి పిసికే చేతులు, నీకైతే ఓపిక," అన్నాడు తిహోమిర్. గరుకు ముద్ద రాసి, రబ్బరు పట్టున్న కర్రను రెండరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ గ్యారేజీలో కూర్చుంది. మొదట గరగరలాడిన చప్పుడు మెల్లగా మెత్తబడేది. తుడిచి చూస్తే అంచు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు వలయం, వాల్వు సరిగ్గా ఆనిందనడానికి గుర్తు. ఇది నేను చేశాను అనుకునేది. పైకి అనడానికి సిగ్గేసేది. కార్ల గురించి మాట్లాడే ఆడది ఎవరికి కావాలి? ఈలోగా లోపలినుంచి కేక వచ్చేది, చారు ఏమైందని. అరచేతులు బొబ్బలెక్కాయి. ఉప్పు తగిలినప్పుడల్లా ఇల్లంతా ఆ చేతుల్లోనే మండుతున్నట్టుండేది.

ఆదివారం ఇంజను కుట్టుమిషన్‌లా పలికింది. పాత కార్ల క్లబ్బు మిత్రులు ముగ్గురు తిహోమిర్‌తో కలిసి కారెక్కి కొండదాకా వెళ్ళొచ్చారు. ఆమెకు చోటు లేకపోయింది. ఉన్నా ఎవరూ పిలిచేవారు కాదు.

భోజనాల దగ్గర రాంకో అనే మిత్రుడు గ్లాసెత్తాడు. "బంగారు చేతులురా నీవి! నా హెడ్డు కూడా చేసిపెట్టు."

"తెచ్చెయ్. వారంలో అప్పగిస్తా," అన్నాడు తిహోమిర్.

చారు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్న విదోసావా, "తేకండి రాంకో గారూ. ఆ వాల్వులు అరగదీసింది నేను. ఇక చెయ్యను," అంది.

అందరూ నవ్వారు. తిహోమిర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒక్కొక్కరే ఆగిపోయారు.

"చారు చల్లారిపోతోంది. వడ్డించు," అంది స్తనోయ్కా మెల్లగా.

విదోసావా గిన్నెను బల్ల మధ్యలో పెట్టింది. కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చుంది.

"గరిటె అందులోనే ఉంది అత్తయ్యా," అంది.